రత్నకంబళులు, జంపఖానాలు: మన నేతను మనము చూచెడి చూపు

తెలుగున తివాసీకి రత్నకంబళి యను చక్కని పేరు కలదు. కంబళి గొఱ్ఱెలకాపరి భుజము మీది వస్తువు. రత్నము రాజుగారి కిరీటములోనిది. ఈ రెంటిని ఒక్క మాటలో కలిపిన మన పూర్వులు ఆ వస్తువును ఎంత గౌరవముతో చూచిరో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇప్పుడు ఆ మాట వాడువారు అరుదు. కార్పెట్టు అన్నచో పిల్లలకు తెలియును. అదియును అంగడిలో గజముల లెక్కను కోసి యిచ్చెడి నైలాను పరుపని వారి తలంపు. అయితే జంపఖానా యను మాట మాత్రము చంద్రపురపు తెలుగిండ్లలో ఇంకను బ్రతికియున్నది. వ్రతమునకు, బారసాలకు, పెండ్లిచూపులకు పరచునది అదియే గదా. మన మరాఠీ ఇరుగుపొరుగువారు దానినే సతరంజీ యందురు.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషను చదివి, గుమాస్తా కొలువులో చిట్టాలు, దస్తరములు సరిచూచుచు జీవితము గడపిన వారము. అట్టివారము తివాసీలను గూర్చి తీర్పు చెప్పబూనుట సాహసమని కొందఱకు తోచవచ్చును. కాని సరిచూచుట మా వృత్తి. పాత నేతవస్తువుల విషయమున మనవారిలో పాదుకొనిన కొన్ని అభిప్రాయములను సరిచూడగా లెక్క కుదురుటలేదు. ఆ మాట చెప్పుటకే ఈ వ్యాసము.

మొదటి అభిప్రాయము, తివాసీ పారసీకుల విద్య, మనది దానికి నకలు అనునది. చదువుకొన్నవారే ఈ మాట ఎక్కువగా అందురు. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదన్నట్లు, ఏలూరు పేరు చెప్పిన పెదవి విఱిచి, కాషాను పేరు చెప్పిన కన్నులు విప్పార్తురు. ఇందులో కొంత సత్యము లేకపోలేదు. 1679లో ఈస్టిండియా కంపెనీవారి చెన్నపట్టణపు అధికారి స్ట్రెయిన్‌షామ్ మాస్టరు తెలుగు తీరమున తనిఖీకై పర్యటించుచు ఏలూరు వచ్చి, అచ్చటి తివాసీపనిని కన్నులార చూచి తన దినచర్యలో వ్రాసికొనెను. ఆ నేతగాండ్రు పారసీక వంశీయులనియు, తమ పెద్దలు నూఱేండ్లకు పూర్వమే వచ్చిరని వారు చెప్పిరనియు ఆయన వ్రాతవలన తెలియుచున్నది. గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానులకు ఇరానుతో గల సంబంధము అందఱెఱిగినదే. కావున వంశముల రాకలో వింత లేదు.

అయితే నూఱేండ్లు ఒక యూర మగ్గము నాటినవారు ఆ యూరివారు కారా? వారి పడుగు మన నేల ప్రత్తినూలు. ఉన్ని దక్కను గొఱ్ఱెలది. కురుమలు మనకు గొంగళ్లు నేసి యిచ్చినదియును ఆ జాతి గొఱ్ఱెల బొచ్చుతోనే. ఎఱ్ఱరంగుల విద్యలో తూర్పుతీరమునకు సాటి లేకుండెను. చిరివేరుతో అద్దిన బందరు కలంకారీని చూచి ఐరోపావారు ఎంత మోజుపడిరనగా, తమ నేతగాండ్ర జీవనము చెడునని ఫ్రాన్సువారు 1686లోను, ఆంగ్లేయులు 1700లోను, మరల 1721లోను ఇట్టి అద్దకపు బట్టలపై నిషేధములు విధింపవలసివచ్చెను. ఇక్కడి నూలు, ఇక్కడి ఉన్ని, ఇక్కడి చేతులు చేరిన తరువాత పుట్టినదానిని నకలనుట న్యాయము కాదు. కర్ణాటక సంగీతమున వయొలీను వాయించువారిని పాశ్చాత్యుల నకలని మన మెవరమైన అనుచున్నామా?

మాస్టరు వ్రాతలో మఱియొక సంగతి కలదు. మెచ్చుకొనువారు సాధారణముగా దానిని దాటవేయుదురు. మేము దాటవేయము. నిలువు మగ్గముపై ప్రత్తి పడుగు బిగించి, దానిపై రంగురంగుల ఉన్నిపోగులను ముడివేయుచుండినవారు 8 మొదలు 12 ఏండ్ల బాలురు. మగ్గము వెనుక ఒక పెద్దవాడు కాగితముపై వ్రాసిన నమూనాను పట్టుకొని నిలిచి, ఏ రంగుపోగు ఎంత వేయవలెనో చెప్పుచుండెను. వరుస ముగియగానే కత్తెరతో సమముగ కత్తిరించి తరువాతి వరుసకు పోవుచుండిరి. ఈ వర్ణనము ఎంత స్పష్టమనగా, ఆ పెద్దవాని గొంతు మనకు వినవచ్చును. కాని ఆ పిల్లల వ్రేళ్లును కనబడవలెను. సన్నని ముడికి చిన్నవ్రేళ్లు కావలెనను వాదము తరతరములుగా తివాసీ వ్యాపారమును వెన్నాడినది. మన దేశమున 1986 నాటి చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలను తివాసీ నేతలో పెట్టుట నిషేధించినది. పాత తివాసీ అందమును చూచి ఆనందించుట తప్పు కాదు. అది ఎవరి బాల్యమును వెలగా తీసికొన్నదో తెలిసి ఆనందింపవలెనని మాత్రమే మా మనవి.

రెండవ అభిప్రాయము ముడుల లెక్క. అంగడివాడు తివాసీని త్రిప్పి వెనుకవైపు చూపి, అంగుళమునకు ఇన్ని ముడులని చెప్పగానే కొనువారు తల యూపుదురు. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమునకు వరంగల్లు నుండి తివాసీలు వెళ్లినవి. వానిలోని పట్టు తివాసీలో చదరపు అడుగునకు 12,000 ముడులున్నవని ఆనాటివారు అబ్బురపడి చెప్పుకొనిరి. మేము లెక్క వేసితిమి. చదరపు అడుగునకు 144 చదరపు అంగుళములు గదా. అనగా అంగుళమునకు 83 ముడులు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునందలి అర్దబీలు తివాసీలో, 1539-40 నాటి తేదీ నేయబడిన ఆ మహావస్తువులో, అంగుళమునకు సుమారు 340 ముడులు. లెక్కయే ప్రమాణమైనచో మన వరంగల్లుకు నాలుగింట ఒక వంతు మార్కులు మాత్రమే వచ్చును! ఇట్లు తివాసీని కొలుచుట గణములు లెక్కించి కవిని మెచ్చుటవంటిది. గణములు తప్పరాదు, నిజమే. కాని గణములు తప్పనివారందఱు పోతనలు కాలేదు.

మఱి చూడవలసిన దేమి? మేము చూచెడి పద్ధతి చెప్పెదము. ముందు అంచును, మధ్యభాగమును విడివిడిగా చూడవలెను. అంచు మధ్యభాగమును బంధించుచున్నదా, లేక దానితో మాటలాడుచున్నదా? మంచి తివాసీలో మధ్యనున్న లత అంచు క్రిందుగా పోయి ఎక్కడనో ఇంకను సాగుచున్నట్లే తోచును. మనము చూచునది తోటలో ఒక తునక మాత్రమే యన్న భావము కలుగును. తరువాత మూలలు. నేతగాని నేర్పు మూలలో తేలును. అంచులోని తీగ మూలకు వచ్చి చక్కగా మలుపు తిరిగెనా, లేక రెండు కొసలు ఢీకొని తెగిపోయెనా? ఆ మీదట రంగు. ఒకే నీలి మైదానములో అక్కడక్కడ కొంచెము ముదురు, కొంచెము లేత పట్టీలు కనబడవచ్చును. ఒక అద్దకపు కుండ ముగిసి మఱియొకటి వచ్చినప్పుడు కలిగెడి మార్పది. కొత్తవారు దీనిని లోపమందురు. మాకది లోపముగా తోచదు. చేతిపని యనుటకు అదియే సాక్ష్యము.

రంగు మాట వచ్చినది గనుక బర్డ్‌వుడ్ దొరను గూర్చి చెప్పవలెను. జార్జి బర్డ్‌వుడ్ 1880లో భారతదేశపు పారిశ్రామిక కళలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. మచిలీపట్టణపు తివాసీలు ఒకప్పుడు దేశములోని శ్రేష్ఠమైన వానిలో లెక్కింపబడినవనియు, ఆంగ్లేయుల గిరాకివలన చెడిపోయినవనియు ఆయన దుఃఖించెను. ఖైదులలో చవుకగా నేయించుటను గూడ గట్టిగా ఖండించెను. ఆంగ్లేయుడై యుండి ఆంగ్లేయుల వ్యాపారమును తప్పుపట్టిన ఆ ధైర్యమునకు మేము నమస్కరింతుము. కాని ఆయన తీర్పులో సగమే సరియని మా అభిప్రాయము. పరదేశీయులు కొనుటవలననే కళ చెడునన్నచో, ఏలూరు బందరులవారు అంతకు రెండువందల యేండ్లకు పూర్వమే చెడియుండవలెను. వారు డచ్చివారికి అమ్మిరి, పారసీకులకు అమ్మిరి, ఎవరికేది కావలెనో అది నేసి యిచ్చిరి. అయినను నేత దిగజారలేదు. కొనువాని అభిరుచి చెడుపు చేయలేదు. వాని తొందరయు బేరమును చేసినవి. ఒక యేడు పట్టు పనిని నాలుగు నెలలలో సగము వెలకు కావలెనన్నప్పుడు నేతగాడు ఎక్కడనో తగ్గింపక తప్పదు. ముడి తగ్గించెను, ఉన్ని తగ్గించెను. 1856లో పెర్కిను బొగ్గుతారు నుండి ఊదారంగు తీసిన పిమ్మట ఒకటొకటిగా కృత్రిమపు రంగులు వచ్చిపడగా అద్దకపు విద్యయు తగ్గెను. 1869లో మంజిష్ఠ ఎఱుపును, 1897లో నీలిని కార్ఖానాలలో చేయ నేర్చుకొనిన తరువాత చిరివేరు త్రవ్వువారును, నీలితొట్టి కాచువారును ఏమి తిని బ్రతుకుదురు?

ఖైదు నేత విషయమునను మాకు బర్డ్‌వుడ్ దొరతో పూర్తిగా ఏకీభావము లేదు. విక్టోరియా రాణి కొఱకు విండ్సరు కోటలోనికి ఆగ్రా ఖైదీలు నేసిన పెద్ద తివాసీ ఇప్పటికిని ప్రసిద్ధము. మన వరంగల్లు కేంద్ర కారాగారమును తివాసీలకు, జంపఖానాలకు పేరు పొందినదే. ఆసుపత్రి కట్టుటకై 2021లో ఆ కట్టడమును కూల్చివేసిరి. కూలి లేని చేతులతో బయటి నేతగానికి పోటీ పెట్టుట అన్యాయమే. అయితే ఆ చేతులు నేర్చిన పని పనికిమాలినదని మాత్రము అనలేము.

ఇప్పుడు క్యోటోను గూర్చి. జపానుదేశపు క్యోటో నగరమున ప్రతి యేట జూలై మాసములో గియోను ఉత్సవము జరుగును. అది 869లో మహామారి శాంతికై ఆరంభమైనదందురు. మన రథములవంటి ఎత్తైన బండ్లను వీథులలో ఊరేగింతురు. ఆ బండ్ల ప్రక్కలకు వ్రేలాడదీసిన అలంకారములలో బెల్జియమున నేసిన బొమ్మల తెరలున్నవి. వానితోపాటు దక్కను మగ్గములపై నేసిన తివాసీలును ఉన్నవి! జపాను ప్రభుత్వము పరదేశీయులకు తలుపులు మూసికొనిన కాలమున, 1641 తరువాత, నాగసాకి యొద్దనున్న దెజిమా దీవిలో డచ్చివారికి మాత్రము వ్యాపారము చేయ సెలవుండెను. ఆ డచ్చివారికి మచిలీపట్టణమున 17వ శతాబ్ది ఆరంభము నుండియే కోఠీ కలదు. ఓడ దారి ఊహించుట కష్టము కాదు. చాలకాలము అవి పారసీకపువో మఱెక్కడివో యనుకొనిన పరిశోధకులు, నూలు పేనిన తీరును, రంగులను పరీక్షించి, అవి దక్కను నేతలని గుర్తించిరి. దక్కను తివాసీల చరిత్రను చెప్పవలసినప్పుడు పండితులు నేడు క్యోటోకు పోవలసివచ్చుచున్నది.

మమ్ము ఆశ్చర్యపెట్టినది ఆ తివాసీల అందముకంటె వానిని కాపాడిన విధము. రాజుగాని, మ్యూజియముగాని వానిని దాచలేదు. ఒక్కొక్క బండి ఒక్కొక్క వీథివారిది. ఆ వీథివారే సంఘముగా ఏర్పడి, తమ కొట్టులో పెట్టెలయందు భద్రపఱచి, ఏడాదికొకమాఱు తీసి, చూపి, మరల లోపల పెట్టుదురు. అగ్నిప్రమాదములు వచ్చినవి, యుద్ధములు వచ్చినవి. వీథి సంఘములు నిలిచినవి. బట్ట మఱీ శిథిలమైనచోట దానికి నకలు నేయించి, నకలును ఊరేగించి, అసలును విశ్రమింపజేయుచున్నారు. చందాలు వసూలు చేయుట, తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనని తగవులాడుట మనకు తెలియని పనులు కావు. పరాయి ఊరిలో స్థిరపడిన మనవంటివారి సంఘములకు ఈ ఉదాహరణము అందుకే దగ్గఱగా తోచుచున్నది.

ఇండోనేషియాలోని సులవేసి దీవిలో తొరాజా జనులును ఇట్లే మన తూర్పుతీరపు అద్దకపు బట్టలను పవిత్రవస్తువులుగా తరతరములు దాచుకొనిరి. మన ఇండ్లలో అంతటి పాతబట్ట కలదా? లేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున పదులకొలది వస్త్రముల పేర్లు వరుసగా చెప్పెను. కాకతీయుల నాటి మోటుపల్లి సీమలో నేసిన సన్నని బట్టలు సాలెగూడువలె నుండునని వెనీసు యాత్రికుడు మార్కోపోలో వ్రాసెను. పేర్లు మిగిలినవి, బట్ట మిగులలేదు. తాటాకు శిథిలమగునప్పుడు మఱియొక తాటాకుపై వ్రాసికొనవచ్చును. బట్టకు ఆ వీలు లేదు. దొరుకుట అరుదైనచోట దానిని దాచిరి. మనకు దండిగా దొరకినందున కట్టి, చింపి, మసిగుడ్డ చేసితిమి. దీనిలో మనవారి దోష మేమియు లేదు. బట్ట కట్టుటకే గదా పుట్టినది.

కాని ఇప్పుడు పరిస్థితి వేఱు. మన చేతిలో మిగిలిన పాతవస్తువులు రత్నకంబళులు కావు. అంత భాగ్యవంతులు మన పెద్దలలో ఎందఱు? బొగ్గుగనులలోను, రైలులోను, కలపడిపోలలోను పనికై వచ్చినవారు తెచ్చుకొనినవి జంపఖానాలు, ఉగాదికి కట్టిన నేతచీరలు, పంచెల చాపులు. వార్ధానది అవతలివారికి ఇది పరదేశము కాదు. రాజూరా తాలూకా 1956కు పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిదే. బల్లార్షా దాటిన రైలు కాజీపేట చేరుటకు కొన్ని గంటలు చాలును. ఆ దారిని వచ్చినవే మన వరంగల్లు జంపఖానాలు.

జంపఖానాకు ముడులు లేవు, నూగు లేదు. అందుచేతనే తివాసీ మెచ్చువారు దానిని చిన్నచూపు చూతురు. ఇది మూడవ తప్పు. జంపఖానాలో పేకపోగు పడుగును పూర్తిగా కప్పివేయును. ఇనుప పంజాతో దట్టించి కొట్టుటచే గుడ్డ పలకవలె గట్టిపడును. ఒక రంగు ముగిసి మఱియొక రంగు మొదలగు చోట రెండు పేకలను ఒకదానితో నొకటి పెనవేయవలెను. లేనిచో చీలిక పడును. రెండు ప్రక్కల ఒకే తీరుగా నుండుటవలన త్రిప్పి పరచుకొనవచ్చును. ఈ కట్టుబాట్లలో వంపుతీగలకు వీలు తక్కువ. కావున నేతగాడు అడ్డుపట్టీలు, వజ్రపు గళ్లు, మెట్లమెట్ల కొండలు ఎంచుకొనెను. తివాసీని పద్యకావ్యమనుకొన్నచో జంపఖానా దంపుడుపాటవంటిది. దంపుడుపాటలో సమాసములు లేవని తప్పుపట్టుదుమా? వరంగల్లు కొత్తవాడలో ఈ నేత ఇప్పటికిని సాగుచున్నది. 2018లో వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు మంచిదే. కాని పత్రము వచ్చినంతనే మగ్గము ఆడదు, కొనువారుండవలెను.

మన ఊరిలో జరుగుచున్నది చెప్పెదము. స్టీలు గిన్నెలమ్ము వారు వీథిలోనికి వచ్చినప్పుడు పాతబట్టల మూటలో నేతచీరలును, జంపఖానాలును పోవుచున్నవి. జరీచీరలను కాల్చి వెండి తీయువారికి ఇచ్చుట మఱియొక మార్గము. మా యెఱుకలోని ఒక యింట తాతగారు తెచ్చిన పన్నెండడుగుల జంపఖానాను నాలుగు ముక్కలుగ కోసి గుమ్మములయొద్ద కాళ్లు తుడుచుకొనుటకు వేసిరి. వారు చెడ్డవారు కారు. కొనను చిరిగినది గనుక పనికిరాదనుకొనిరి. పైన చెప్పిన అర్దబీలు తివాసీకిని ఇట్టి గతియే తప్పలేదు సుమా. నిజమునకు ఆ తివాసీలు రెండు, జోడు. 19వ శతాబ్దిలో వ్యాపారులు ఒకదానిలోని భాగములు కోసి రెండవదాని కంతలు పూడ్చిరి. పూడ్చినది లండనులోను, అంచు కోల్పోయినది లాస్ ఏంజెల్సులోను ఉన్నవి. ఒకటి సంపూర్ణమైనదని పొగడునప్పుడు రెండవదాని మాట ఎవరికిని గుర్తుకురాదు. బాగుచేయు నెపమున కోయుటకంటె చిరిగినదానిని చిరిగినట్లుంచుటయే మేలని మా నిశ్చయము.

ఈ ఊరి వాతావరణము బట్టకు శత్రువు. వేసవిలో 45 డిగ్రీలు దాటుట మనకు వింత కాదు. వర్షాకాలమున గోడలు చెమర్చును. బొగ్గుపొడి ఏడాది పొడవున తలుపుసందులనుండి వచ్చును. ఆ పొడి పోగులలో చేరి, అడుగు పడినప్పుడెల్ల సన్నని ఆకురాయివలె నూలును కోయును. కావున దులుపుట ముఖ్యము. కఱ్ఱతో బాదుట తగదు. గొట్టపు మూతికి పలుచని గుడ్డ కట్టి దుమ్ముయంత్రముతో మెల్లగ పీల్చవచ్చును. ఎండలో పెట్టినచో పురుగు పోవుననుట కొంతవఱకు నిజమే; రంగు పోవుట మాత్రము పూర్తిగా నిజము. అర్దబీలు తివాసీకి మ్యూజియమువారు దీపము గంటకు రెండుమాఱులు, మాఱునకు పది నిమిషములు మాత్రమే వెలిగింతురు. మనము మేడమీద మిట్టమధ్యాహ్నపు టెండలో ఆఱవేయుదుము! ఉతుకదలచినచో ముందు ఒక మూలను తడి తెల్లగుడ్డతో అద్ది చూడవలెను. రంగంటినచో నీరు తగులనీయరాదు. తెల్లపఱచు పొడి ఎన్నడును వాడరాదు. ఆ పొడితో ఒక మందిరపు జంపఖానా ఒక్క ఉతుకుతో పసుపు మరకల పాలగుట చూచితిమి.

దాచునప్పుడు మడువరాదు, చుట్టవలెను. మడత పడిన చోటనే కొన్నియేండ్లకు నూలు తెగును. నున్నని కఱ్ఱకో, గొట్టమునకో ఉతికిన తెల్లని ఖద్దరు చుట్టి, దానిపై జంపఖానాను చుట్టి, పైన మఱియొక ఖద్దరు కప్పవలెను. ప్లాస్టికు సంచిలో పెట్టినచో లోపల చెమ్మ నిలిచి బూజు పట్టును. ఎండిన వేపాకును మూటగట్టి ప్రక్కన పెట్టవచ్చును. కలరా ఉండలైనను వేపాకైనను బట్టకు సూటిగా తగులరాదు, జరీకి అసలే తగులరాదు. ఏడాదికి రెండుమాఱులు విప్పి, నీడలో గాలికి పఱచి, పురుగు చేరినదేమో చూచి, మడమ త్రొక్కని వైపునకు మార్చి మరల చుట్టవలెను. ఉగాదికి, దసరాకు చేసినచో మఱచిపోము.

ఇంక నొకటి. ఏ యింటి పాతబట్టకైనను చరిత్ర నోటిమాటగానే యున్నది. అవ్వ పోయిన మఱునాడు అది ఎవరు నేసినదో, ఏ యూరినుండి వచ్చినదో చెప్పువారుండరు. సంఘమువారు ఒక రిజిష్టరు తెఱచి, యింటింటికి ఒక పుట కేటాయించి, వస్తువు పేరు, కొలతలు, కొన్న ఊరు, కొన్నవారు, సుమారు సంవత్సరము, ఏ శుభకార్యమునకు వాడిరో వ్రాయించినచో పదివారములలో పని ముగియును. ఆ పని చేయుటకు కొలువు వదలిన ముసలివారము చాలమందిమి ఉన్నాము. అవే వివరములను చిన్న నూలుగుడ్డ ముక్కపై వ్రాసి వస్తువు కొనకు రెండు వదులు కుట్లతో కుట్టవలెను. సిరాతో వ్రాయరాదు, చెమ్మకు సిరా దిగి పడుగుకు అంటును. పెన్సిలు చాలును.